ఉయ్యాల కింద బొంత

సుగుణ ఆ మూటను ఆటోలోంచి దించి మా గడప దగ్గర పెట్టినప్పుడు నేను మనిషిని లోపలికి పిలిచాను గాని మూటను పిలవలేదు. సుగుణ మా పెద్దత్త కూతురు, నాకంటే కాస్త చిన్నది. పెద్దత్త అంటే మా నాయనకు అక్క. పోయిన నెలలో పలమనేరులో, ఆ కూతురింట్లోనే, పండు ముసలిదై పోయింది. నేను చావుకు పోలేదు, కర్మాంతరానికీ పోలేదు. మోకాళ్ళ నొప్పులని కబురు పెట్టాను. ఆ మాట అక్కడెవరూ నమ్మి ఉండరు. నమ్మాలని నేనూ అనుకోలేదు. సుగుణ మాత్రం ఏ నిష్ఠూరం లేకుండా, పాత దుప్పటిలో గట్టిగా ముడేసిన ఆ బరువును ఇంత దూరం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిరుపతికి మోసుకొచ్చింది. "బొంత వదినా. అమ్మ నీకు ఇయ్యమనింది. ఎందుకంటే..." అని ఏదో చెప్పబోయింది. "కాఫీలో చక్కెర వేసుకుంటావా?" అని నేను అడ్డం పడ్డాను. ఎందుకన్నది నాకు అక్కరలేదు. ఆమె వెళ్ళిపోయాక మూటను కాలితో నెట్టి మెట్ల కింద పడేశాను.

బొంత అనగానే కళ్ళు తుడుచుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మధ్య ప్రతివాళ్ళూ రాస్తున్నారు, అవ్వ చీరల మెత్తదనమట, అమ్మ ఒడి వెచ్చదనమట, ఆ వాసన ఏ దుకాణంలోనూ దొరకదట. ఎందుకు దొరుకుతుంది? ఆముదం జుట్టు, పసిపిల్లల ఉచ్చ, ముక్కుపొడి కలిపి ఎవరమ్ముతారు? ఈ రాసేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు చలికాలం పొడుగునా, నెలలో అన్ని రోజులూ, బొంత దొరికింది. దొరకని రోజులు కొన్ని ఉంటాయని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను.

అసలు ఈ రాత మొదలు పెట్టడానికి కారణం బొంత కాదు, మా మనవరాలు. నా కూతురి కూతురు నీహా, బెంగళూరులో చదువుతోంది. స్నేహితులతో తలకోన అడవిలో రెండు చెట్ల మధ్య ఉయ్యాలలు కట్టుకుని పడుకుంటారట, అందుకని ముందు నా దగ్గరికి వచ్చింది. పిడికిట్లో పట్టేంత గుడ్డ ఉయ్యాల, మడిస్తే దిండంత అయ్యే స్లీపింగ్ బ్యాగు తెచ్చుకుంది. వచ్చినప్పటి నుంచి ఫోన్‌లో ఒకటే పోట్లాట. ఉయ్యాలలో పడుకుంటే బ్యాగు వెచ్చనా, బొంత వెచ్చనా అని. వాళ్ళలో ఒక పిల్లవాడు బ్యాగు దండగ, బొంతే కావాలి అంటాడట. "అవ్వా, నువ్వెప్పుడైనా ఉయ్యాల్లో పడుకున్నావా? పసిపాపప్పుడు కాదు, పెద్దయినాక," అని అడిగింది. పడుకున్నానన్నాను. "ఎంత లక్కీ నువ్వు," అంది. నేను లేచి వంటింట్లోకి పోయాను. ఆ పిల్ల మీద కోపం చూపించి లాభం లేదు. చూపించాల్సిన మనిషి మొన్ననే తప్పించుకుని పోయింది.

మాది పలమనేరుకు ఇవతల ఒక పల్లె. ఎండాకాలంలో చిత్తూరు వాళ్ళు మా ఊరి గాలికి మురిసిపోయేవాళ్ళు. ధనుర్మాసంలో వస్తే తెలిసేది ఆ గాలి సంగతి. మాకు నెలల తరబడి గానుగ ఆడేంత చెరకు, ఒక మామిడి తోట, ఇంటి నిండా మనుషులు ఉండేవాళ్ళు. ఇంటి పెత్తనమంతా పెద్దత్తది. చిన్నవయసులోనే మొగుడు పోయి, చంకలో సుగుణతో పుట్టింటికి వచ్చింది. అంతకు ముందే తల్లి లేని మా నాయనను పెంచింది కూడా ఆమే. అందుకని నాయన ఆమె మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆమె కష్టాలు నాకు తెలుసు. ఆమెను గురించి నేను ఏ మాటన్నా చుట్టాలందరూ వెంటనే ఆ కష్టాలు తెచ్చి నా ముందర పెడతారు. కష్టపడినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్ళందరూ ఇంటి పిల్లల వీపులు గడ్డకట్టించలేదు.

బొంతలు ఆమె రాజ్యం. చిరిగిన చీరలు, పంచెలు ఏడాదంతా పోగుచేసి, కోతలయ్యాక తిన్నె మీద పరిచి, దబ్బనంతో కుట్టేది. ఒకదాని మీద ఒకటి పొరలు పేర్చి, అంచుల నుంచి లోపలికి తోవలు వేసుకుంటూ పోయేది. ఆమె కుట్టు పొట్టిగా, కాస్త ఏటవాలుగా ఉండి, రెండు పేటల దారంతో ఉండేది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఊడదు. ఆ పనితనాన్ని నేను కాదనను. కుట్టినంతసేపూ మధ్య మధ్యలో డబ్బీ తీసి ముక్కుపొడి పట్టించేది, చేతులు ఆ గుడ్డకే తుడిచేది. బొంతలన్నీ నడవలో పెద్ద చెక్కపెట్టెలో ఉండేవి. తాళం చెవి ఆమె రొండిన ఉండేది. పొద్దు గూకగానే పెట్టె తెరిచి కూర్చునేది, మేము ఒకరి తర్వాత ఒకరం పోయి చేతులు చాచేవాళ్ళం. మగపిల్లలకు కొత్తవి, ఆడపిల్లలకు పొరలు జారిపోయి ముద్దలు కట్టినవి. ఇద్దరికి ఒకటి. నిద్రలో ఎవరు లాక్కుంటే వాళ్ళది. అమ్మకు మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొంత బొంత ఒకటి ఉండేది. మా అమ్మమ్మ చీరలతో కుట్టింది, ఆకుపచ్చ మీద ఎర్రంచు. అది కూడా ఆ పెట్టెలోనే ఉండాలి, అది కూడా అత్త చేతి మీదుగానే రావాలి.

ఆడవాళ్ళు బయట చేరినప్పుడు మాత్రం పెట్టె దగ్గరికి రావడానికి లేదు. నూలుకు అంటు ఉంటుంది, ఉన్నికి ఉండదు, ఇదీ అత్త శాస్త్రం. బయటున్న మనిషి కప్పుకున్న బొంతను తడపాలి, తడిపిన బొంత ఆ మంచులో ఎన్నాళ్ళకూ ఆరదు, కాబట్టి ఇవ్వకపోవడమే మేలు. ఉన్ని కంబళి ఇంట్లో ఒకటే ఉంది, అది నాయనది. మిగిలింది గోనెపట్ట. చలికాలంలో గోనెపట్ట కప్పుకుని పడుకున్నారా ఎప్పుడైనా? గుచ్చుకుంటుంది, గాలిని ఆపదు, చెనక్కాయల దుమ్ము ముక్కులోకి పోతుంది. మా అమ్మ ఏళ్ళ తరబడి అట్లాగే పడుకుంది. నేను పెద్దమనిషిని అయ్యేదాకా నాకు ఆ సంగతి పట్టలేదు.

పెద్దమనిషిని అయ్యాక నా మొదటి చలికాలం గానుగ రోజుల్లోనే వచ్చింది. బెల్లం వండేటప్పుడు ఇంటికి తాళం వేసి, బొంతల పెట్టె కూడా బండిలో వేసుకుని, అందరం చేని దగ్గరే ఉండేవాళ్ళం. ఇంజను గానుగ దడదడలాడుతూ ఉండేది, ఒక పక్క చెరకు పిప్పి గుట్టలు, ఇంకో పక్క పెద్ద పెనం కింద ఆరని పొయ్యి. పాకం పొంగినప్పుడు వచ్చే వాసన ఊరి దాకా పోయేది. పిల్లలందరూ చెరకు ముక్కలను పాకంలో ముంచి, ఆరనిచ్చి చప్పరిస్తూ, పొయ్యి చుట్టూ వెచ్చగా పడుకునేవాళ్ళు. బయటున్న ఆడది పొయ్యి దరిదాపుల్లోకి వస్తే పాకం గడ్డకట్టదని మా వాళ్ళ నమ్మకం. అచ్చులో పోసిన బెల్లం జిగటగా జారిపోతే ముందు ఆడవాళ్ళ మొహాల్లోకి చూసేవాళ్ళు. నన్ను తోట చివర మామిడి చెట్ల దగ్గరికి పంపేశారు. అక్కడి నుంచి పొయ్యి ఎర్రగా కనిపించేది. కనిపించేదంతే. నేల మీద పిప్పిలో, ఆకుల్లో తేళ్ళు తిరుగుతాయని అమ్మ తన పాత చీరను రెండు మామిడి చెట్లకు కట్టి ఉయ్యాల చేసింది. మా మనవరాలు లక్కీ అన్న ఉయ్యాల అదే. గోనెపట్ట కప్పుకుని అందులో పడుకుంటే మీది నుంచి మంచు, కింది నుంచి గాలి. చీర ఎంత మందం ఉంటుంది? గాలి నేరుగా వీపును పట్టుకునేది. తెల్లవారేసరికి నడుము వంగేది కాదు. ఆ రోజులు వచ్చినప్పుడల్లా అట్లాగే, రెండు నెలలు గడిచాయి.

మూడో నెల దొరస్వామి మామ సెలవు మీద వచ్చాడు. అమ్మకు తమ్ముడు, మిలిటరీలో పని. ఉత్తరాదిన ఎక్కడో బజారులో కొన్నానని ఒక పచ్చ సంచి తెచ్చాడు. మనిషి నిలువునా పడతాడు, పక్కన జిప్పు ఉంటుంది. పిల్లలందరూ చుట్టూ చేరారు. నన్ను దూరంగా చెట్టు కింద చూసి మామ ఆ సంచి పట్టుకుని నేరుగా నా వైపు నడిచాడు. అత్త గానుగ దగ్గరి నుంచే కేకేసింది.

"దొరసామీ, ఆగప్పా. ఆ గుడ్డ నూలుదా, ఉన్నిదా?"

"నైలాను వదినా."

"అంటే గొర్రెదా, సెట్టుదా?"

"రెండూ కాదు. ఫ్యాక్టరీలో సేస్తారు."

"ఫ్యాక్టరీలో మాత్రం దేంట్లోనించి సేస్తారబ్బా? దేనికైనా ఒక పుట్టుక ఉండాల గదా. ఇట్ల తే, సూస్తాను."

సంచి అంచు నుంచి ఒక పోగు పీకి, పొయ్యిలోంచి కొరివి తీసి అంటించింది. నూలైతే బూడిద రాలాలి, ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టాలి, ఇదీ పరీక్ష. ఆ పోగు రెండూ చేయలేదు. ముడుచుకుపోయి, నల్లటి పూస అయి కూర్చుంది. అత్త ఆ పూసను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించి చూసింది. గానుగ మనుషులు కూడా పని ఆపి తీర్పు కోసం నిలబడ్డారు. "ఇది యా జాతిదీ కాదు. దీనికి అంటు లేదు. ఆ పిల్లని పండుకోనీ," అంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మామ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఎక్కడ పుట్టిందో తెలియని ఒక పోగుకు దొరికిన మర్యాద ఆ ఇంట్లో పుట్టిన నాకు దొరకలేదు.

అయినా ఆ సంచిలోకి దూరి జిప్పు గొంతు దాకా లాక్కున్నప్పటి సంతోషం నేను మరిచిపోలేదు. అంతవరకు నాది అని చెప్పుకోవడానికి నాకు కప్పుకునే కప్పుడు ఒకటి లేదు. ఇది ఇంకొకరు లాక్కునేది కాదు, పంచుకునేది కాదు, పొద్దు గూకగానే చేయి చాచి అడుక్కునేది కాదు. కాళ్ళు వెచ్చబడ్డాయి, రొమ్ము వెచ్చబడింది. వీపు మాత్రం ఎప్పటిలాగే చల్లగా ఉంది. ఎటు తిరిగి పడుకుంటే అటు పక్క చలి. నాకే ఏదో రోగం ఉందనుకున్నాను. తెల్లారి అమ్మ వచ్చి సంచిలోకి చేయి పెట్టి నా వీపు తడిమింది. నన్ను తాకినందుకు అమ్మ మళ్ళీ స్నానం చేయాలి. అంత పెద్ద పొయ్యి కళ్ళెదుట మండుతున్నా, అంటుతో అక్కడికి పోకూడదు కాబట్టి మోటారు దగ్గర చన్నీళ్ళే. అది తెలిసీ తడిమింది.

"సలి పైన కాదురా, కింద ఉండాది," అంది మామతో. "దీని బరువుకి సంచిలో మెత్త అణిగి అట్టయిపోయింది సూడు."

"మేము నేల మీద పండుకుంటాము గదక్కా. ఉయ్యాల్లో ఎవురు పండుకుంటారు?" అన్నాడు మామ.

ఆ సాయంత్రం అమ్మ తన బొంత అడిగి తీసుకుంది, ఆకుపచ్చ మీద ఎర్రంచుది. తన బొంతే కదా, అత్త ఇచ్చింది. అమ్మ దాన్ని పొయ్యి దగ్గర పరవలేదు. నాలుగు మూలలకూ గోగునార తాళ్ళు బిగించి, మామిడి చెట్ల దగ్గరికి తెచ్చి, నా ఉయ్యాల కింద ఇంకో ఉయ్యాలలాగా కట్టింది. పై చీరకూ కింది బొంతకూ మధ్య జానెడు ఎడం వదిలింది. అత్త పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏం సేస్తా ఉండావు మే నువ్వు?"

"కప్పితే గదా వదినా అంటు. నేను కింద కడతా ఉండాను. బిడ్డ దాన్ని తాకదు, అది బిడ్డని తాకదు. మద్దెలో గాలి ఉండాది."

"గాలికి అంటు లేదా?"

"గాలి నీకూ నాకూ ఒకటే గదా వదినా."

అమ్మ అత్తకు ఎదురు చెప్పడం నేను విన్నది అదొక్కసారే. గొంతు పెంచలేదు, ముడి వేస్తూనే అంది. అత్త నన్ను ఎక్కి పడుకోమంది. పడుకున్నాను. చీర కిందికి సాగింది. అత్త వంగి ఆ సందులో చేయి పెట్టి, నా ఒంటికి తగలకుండా, ఎంత ఎడం ఉందో వేళ్ళతో కొలిచింది. చాలదంది. అమ్మ తాళ్ళు విప్పి ఇంకాస్త కిందికి దించింది. మళ్ళీ వంగింది, మళ్ళీ చాలదంది. నేను మీద కదలకుండా, ఊపిరి బిగబట్టి, వీపు వీలైనంత పైకి లేపి పడుకున్నాను. నా కింద ఒక పెద్ద మనిషి చేయి తిరుగుతోంది, నా వీపు ఆ చేతికి తగలకుండా ఉండటమే నా పని. నాకు ఆ వయసులో కోపం అనే మాట తెలుసు గాని అదెట్లా ఉంటుందో ఆ సాయంత్రమే తెలిసింది. చివరికి అత్త ఒప్పుకుంది.

బాగా నిద్ర పట్టింది. బొంత గాలిని ఆపేసింది, ఒంటి వేడి ఒంటి దగ్గరే నిలిచింది. ఆ చలికాలంలో ఆ చెట్ల దగ్గర నేను వణకకుండా నిద్రపోయింది అదొక్కసారి. నిద్రపోయాను కాబట్టే ఒళ్ళు మరిచాను. తెల్లారి కళ్ళు తెరిచేసరికి అత్త నా పక్కనే నిలబడి ఉంది.

"మే కస్తూరీ, నీ ఓణీ యాడుండాదో సూసుకో."

ఓణీ చెంగు ఉయ్యాల అంచు మీదుగా జారి కింద బొంతలో పడి ఉంది. అంతే జరిగింది. అత్త అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరిచినవాళ్ళను తిట్టుకోవచ్చు. గానుగ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "బొంతకి అంటయింది, తడపండి," అని చెప్పి వెళ్ళిపోయింది. అమ్మ నాయన వైపు చూసింది. నాయన పెనం దగ్గర ఉన్నాడు. చిటికెడు పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి, ముదిరిందో లేదో చూస్తున్నాడు. ఆ చూడటంలో ఆయనను మించినవాడు మా పక్క లేడని పేరు. తల ఎత్తకుండా, "అక్క సెప్పినట్టు సెయ్యండి. పాకం టయాన గొడవలొద్దు," అన్నాడు. మా నాయన గురించి మంచి మాటలు చాలా రాశాను ఇంతకు ముందు, వేరే రాతల్లో. ఇది కూడా ఆయనే అన్నాడు.

తడిసిన బొంతను ఎత్తడం ఒక మనిషి వల్ల అయ్యేది కాదు. అంటుపడిన బొంత కాబట్టి ఇంకెవరూ చేయి వేయరు. నేను వేయవచ్చు, నాకు కొత్తగా అంటేదేమీ లేదు కదా. అమ్మా నేనూ దాన్ని కాలువలో ముంచి, బండ మీదికి ఈడ్చి, చెరో పక్కా పట్టుకుని పిండాం. అమ్మ చేతులు నీలం తిరిగాయి. అమ్మ ఏడవలేదు, నన్ను ఏడవనివ్వలేదు. "గట్టిగా తిప్పు మే," అని మాత్రం అంటూ వచ్చింది. ఆ బొంత మామిడి కొమ్మ మీద ఎన్నాళ్ళో నీళ్ళు కారుతూ వేలాడింది. అది అమ్మ సొంత కప్పుడు. పెట్టెలో ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళకు సరిపోయాయి కాబట్టి గానుగ అయిపోయేదాకా అమ్మ చీర చెంగు కప్పుకుని పడుకుంది. మామ సెలవు అయిపోయి సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మకు దగ్గు పట్టుకుంది. వేసవి దాకా వదల్లేదు. ఇంట్లో అందరూ కషాయాలు చెప్పారు, మిరియాలు చెప్పారు, తులసాకు చెప్పారు. ఆ దగ్గు ఎట్లా వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. బొంత ఆరాక అత్త దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టనివ్వలేదు. అంటుపడింది కాబట్టి కొట్టం అటక మీద పడేయించింది. అమ్మ అడగలేదు. మరుసటి నెల నేను మామిడి చెట్ల కిందికి పోయినప్పుడు అమ్మ తాళ్ళు పట్టుకుని వచ్చింది. నాకు చలి లేదని చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా చలి లేదనే చెప్పాను. ఆ వేసవి దాటగానే తిరుపతిలో హాస్టల్లో చేరాను. అందరూ చదువు మీద ఇష్టం అనుకున్నారు. నాకు కావలసింది ఇనుప మంచం, ఒక దుప్పటి. అది నెల పొడుగునా నా దుప్పటి.

ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయి అంటారు. మా వీధిలోనే ఉన్నాయి. ఎదురింటి కోడలు నెలనెలా బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. ఒళ్ళో లాప్‌టాప్. ప్లాస్టిక్ కుర్చీయే ఎందుకని ఒకసారి అడిగాను. "దానికి అంటు లేదంట ఆంటీ," అంది. మా అత్త కొరివి పట్టుకుని ఇచ్చిన తీర్పు ఇంకా చెల్లుతోంది. కాలం మారిందని మురిసేవాళ్ళు ముందు ఆ పిల్లను లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టాలి.

నీహా సాయంత్రం మేడ మీద నీళ్ళ ట్యాంకు స్తంభానికీ మెట్ల కమ్మీకీ ఉయ్యాల కట్టి బ్యాగులో దూరింది. కొండ మీది నుంచి గాలి మొదలైంది. కాసేపటికి, "అవ్వా, వీపు కింద ఐసు పెట్టినట్టు ఉంది. మావాడు చెప్పింది నిజమే," అని అరిచింది. నేను ఏమీ ఆలోచించలేదు. ఆ పిల్ల వీపు చల్లగా ఉంది అన్న ఒక్క మాట చెవిన పడింది. మెట్ల కిందికి పోయి మూట లాగి, మేడ మీదికి ఈడ్చుకొచ్చి, ముడి విప్పాను. విప్పి, అంచు దగ్గరికి లాక్కుని చూశాను. ఆకుపచ్చ మీద ఎర్రంచు, రంగు వెలిసిపోయి ఉంది. అత్త బొంత కాదు. అమ్మది. నాలుగు మూలలా, రెండు పక్కలా మధ్యలోనూ, తాడు దూర్చడానికి గట్టి గుడ్డతో చెవులు కుట్టి ఉన్నాయి. అమ్మ చెవులు కుట్టలేదు, మూలలకు తాళ్ళు బిగించిందంతే. ఈ కుట్టు పొట్టిగా, ఏటవాలుగా, రెండు పేటల దారంతో ఉంది.

సుగుణకు ఫోన్ చేశాను. "ఆ రోజు సెప్పబోతే నువ్వు యాడ ఇననిచ్చినావు వదినా," అంది. "నువ్వు హాస్టలుకి పోయినాక ఏడాదికి నేను పెద్దమనిషినైనాను గదా. గానుగ కాడ నాకూ ఉయ్యాల్నే. ఆ పొద్దే అమ్మ అటక మీది బొంత దించి ఈ సెవులు కుట్టింది. ఉయ్యాల కింద కట్టేది. మీ అమ్మ ఉపాయం మంచిదే అనేది."

"తాకితే?"

"తాకితే ఏముండాది? అది బయట బొంతే గదా అప్పటికి. ఎప్పుడన్నా మీద గూడా కప్పుకునేదాన్ని. అమ్మ ఏమీ అనేది కాదు." మళ్ళీ తనే, "పోయే ముందర అది మీ అమ్మది, కస్తూరికి ఇచ్చేయమని సెప్పింది వదినా. మనసులో పెట్టుకుని ఉండాది పాపం," అంది.

పాపం అనే మాట నాకు గుచ్చుకుంది. ఒక్క బొంతను బయటున్న ఆడవాళ్ళకని విడిగా వదిలేస్తే సరిపోయేది. అంత చిన్న సంగతి. ఏ శాస్త్రమూ మారనక్కరలేదు, ఏ పాకమూ చెడదు. అది తోచడానికి ఆమెకు సొంత కూతురి వీపు కావలసి వచ్చింది. తెలియక చేసిందని ఇన్నాళ్ళూ నాలో ఏదో ఒక మూల అనుకుంటూ ఉండేదాన్నేమో. ఆ చెవులు చూశాక అదీ పోయింది. ఆమెకు చలి తెలుసు. కింది నుంచి వస్తుందని తెలుసు, ఎట్లా ఆపాలో తెలుసు, నా ఉయ్యాల కింద చేయి పెట్టి కొలిచినప్పుడే నేర్చుకుంది. క్షమించమని అడగాలంటే ఆమెకు నోరుంది, ఇన్నేళ్ళ టైముంది, పలమనేరు నుంచి తిరుపతికి బస్సు ఉంది. అమ్మ బతికుండగా ఆ బొంత అమ్మకు ఇవ్వవచ్చు. నేను క్షమించలేదు. ఈ వయసులో క్షమించడం మంచిదని నాకు చెప్పడానికి ఎవరూ రావద్దు.

చెవుల్లో తాళ్ళు దూర్చి నీహా ఉయ్యాల కింద బొంత కట్టాను. ఎడం వదల్లేదు, వీపుకు ఆనేలా బిగించి కట్టాను. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో," అని ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, చాలా మామూలుగా, "అవ్వా, నాకు పీరియడ్ వచ్చినట్టుంది. నా బ్యాగులో ప్యాడ్లు ఉన్నాయి," అంటూ లేవబోయింది. బొంత అంచు కాలికి చుట్టుకుంది. నా చేయి దానంతట అదే వచ్చి ఆ పిల్ల భుజం మీద పడింది. "దిగొద్దు. నేను తెచ్చిస్తాను. నువ్వు ఆ బొంతలోనే ఉండు," అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఎందుకు వచ్చిందో ఆ పిల్లకు అర్థం కాలేదు.

తలకోనకు బొంత కూడా పోయింది. తిరిగి వచ్చినప్పుడు దానికి ఎండుటాకులు, పొగ వాసన, ఒక మూల చిన్న మరక. "సారీ అవ్వా, ఉతికేస్తాను," అంది నీహా. వద్దన్నాను. ఆకులు దులిపి, నాలుగు మడతలు వేసి, నా బీరువాలో పట్టుచీరల మీద పెట్టుకున్నాను. ఇంతవరకు దాన్ని ఉతకలేదు.